కస్కాస్కియా షావుకారు పియేర్ మెనార్డ్: కొట్టు నడిపినాయన లెఫ్టినెంట్ గవర్నర్ ఎలా అయ్యాడు?

రాజోలు కాలవగట్టు:

అందరికీ నమస్కారమండి. మాది రాజోలు దగ్గర ఊరు, పెరట్లోంచి చూస్తే వశిష్ఠ ఏటిగట్టు కనబడుతుంది. పోయిన ఏడాది మా అమ్మాయి దగ్గర సెయింట్ లూయిస్‌లో నాలుగు నెలలు ఉండి వచ్చాను. ఒక ఆదివారం మా అల్లుడు కారులో గంటకు పైగా తీసుకెళ్లి, గుట్ట కింద మిసిసిపీకి ఎదురుగా ఉన్న పాత ఇల్లొకటి చూపించాడు. ఎత్తైన రాతి పునాది, ముందూ పక్కలా వెడల్పాటి వసారా, వెనక రాతితో కట్టిన వంటిల్లు. ఆ వసారాలో నిలబడేసరికి మా తాతగారి పాతిల్లే గుర్తొచ్చి కాసేపు కదల్లేకపోయాను.

ఆ ఇల్లు పియేర్ మెనార్డ్ అనే వ్యాపారిదట. కొట్టు పెట్టుకుని, తోళ్ల వ్యాపారం చేసుకుని, చివరికి ఇల్లినాయ్ రాష్ట్రానికి మొట్టమొదటి లెఫ్టినెంట్ గవర్నర్, అంటే గవర్నరు తర్వాతి స్థానంలో ఉండేవాడు, అయ్యాడట. పుట్టింది కెనడాలో, ఇంట్లో మాట్లాడింది ఫ్రెంచి. వసారాలోంచి ఏటివైపు చూపించి "ఆయన వ్యాపారం చేసిన ఊరు అక్కడుండేది" అన్నాడు మా అల్లుడు. నేను చూసినంతవరకు నీళ్లూ చెట్లూ తప్ప ఏమీ లేదు.

నేను ఇదంతా అడగడానికి కారణం ఉంది. మా తాతగారు కొబ్బరికాయ, ధాన్యం వ్యాపారం చేశారు, కాలవ మీద పడవల్లో కాకినాడ దాకా సరుకు పంపేవారు, రెండుసార్లు పంచాయతీ ప్రెసిడెంటుగా కూడా ఉన్నారు. ఆయన ఖాతా పుస్తకాలు ఒక ట్రంకుపెట్టె నిండా మా దగ్గరే ఉన్నాయి. మనవల కోసం ఆయన గురించి నాలుగు పేజీలు రాద్దామని కూర్చుంటే, షావుకారు ఊరి పెద్ద ఎలా అవుతాడన్న చోటే నా కలం ఆగిపోతోంది. డబ్బుంది కాబట్టి అయ్యాడు అని రాసేస్తే సరిపోదనిపిస్తోంది. మెనార్డ్ సంగతి తెలిస్తే మా తాతగారిది కూడా కాస్త అర్థమవుతుందేమో. తెలిసినవాళ్లు వివరంగా చెప్పండి. ఊరు ఏమైందో కూడా చెప్పండి.

ధవళేశ్వరం పాత మాస్టారు:

మీ పోస్టు చదివి చాలా సంతోషం వేసిందండి. సర్వీసులో ఉన్నప్పుడు తొమ్మిదో తరగతి పిల్లలకు అమెరికా స్వాతంత్ర్య పోరాటం చెప్పి చెప్పి, ఆ తర్వాత ఆ నదుల వెంట ఏం జరిగిందో నాకోసం నేను చదువుకున్నాను. మెనార్డ్ నాకు ఇష్టమైన మనిషి, కాబట్టి కాస్త పెద్దగానే రాస్తాను.

1766లో మాంట్రియల్ దగ్గర పుట్టాడు. ఇరవై ఏళ్లు దాటీ దాటకుండానే వాబాష్ నది ఒడ్డున విన్సెన్ అనే ఊరొచ్చి ఫ్రాన్సిస్ వీగో అనే పెద్ద వ్యాపారి దగ్గర పనిలో చేరాడు. ఈ వీగో గురించి తప్పకుండా తెలుసుకోండి. ఇటలీ వైపు నుంచి వచ్చినవాడు, స్వాతంత్ర్య యుద్ధంలో జార్జ్ రోజర్స్ క్లార్క్ అనే అమెరికన్ సేనాని సైన్యానికి సరుకూ సొమ్మూ అప్పుగా ఇచ్చాడు. ఆ బాకీ ప్రభుత్వం ఆయన బతికుండగా తీర్చనేలేదు, 1836లో ఆయన పోయాక కూడా నలభై ఏళ్లు సాగదీసి వారసులకు ఇచ్చారు. అలాంటి మనిషి దగ్గర పని నేర్చుకున్న కుర్రాడు 1790 ప్రాంతంలో కస్కాస్కియా వచ్చి సొంత కొట్టు పెట్టాడు.

కస్కాస్కియా అప్పటికే పాత ఊరు, 1703లో మొదలైంది. ఫ్రెంచి వాళ్లు, వాళ్ల పక్కనే కస్కాస్కియా తెగ ఆదివాసులు, 1778లో క్లార్క్ వచ్చి పట్టుకున్నాక మెల్లమెల్లగా అమెరికన్లు. ఆ ఊళ్లో నాణెం కంటికి కనబడ్డమే అరుదు. జింకతోలే డబ్బు, సరుకు ధర కూడా తోళ్లలోనే చెప్పుకునేవారు. వేటగాడు శీతాకాలానికి ముందు దుప్పటి, మందుగుండు, సీసం, కత్తి, గుడ్డ అప్పు మీద తీసుకెళ్లేవాడు, వసంతంలో తోళ్లు తెచ్చి పద్దు కొట్టించుకునేవాడు. మన దగ్గర ఊడ్పులకి అప్పిచ్చి కోతల్లో ధాన్యం కొలిపించుకున్నట్టే. సరుకు న్యూ ఆర్లియన్స్ నుంచి రావాలంటే మూడు నెలలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. ఏటికి ఎదురు కదా, గట్టు వెంట మనుషులు నడుస్తూ తాడు పట్టి పడవ లాగాలి. నా చిన్నప్పుడు కాలవల మీద తాడుపడవలు చూసినవాణ్ని కాబట్టి ఆ కష్టం నాకు కళ్లకు కడుతుంది.

అన్ని నెలల అప్పు మోయగలిగినవాడికి ఊళ్లో ఎవరి పొలం ఎంతో, ఎవరి మాట నమ్మొచ్చో, ఎవరింట్లో పెళ్లి రాబోతోందో అన్నీ తెలుస్తాయి. అందుకే కోర్టు పెట్టినప్పుడు జడ్జిల్లో ఒకడుగా ఆయన్ని కూర్చోబెట్టారు, మిలీషియాలో, అంటే ఊరివాళ్లతో ఏర్పడిన సైనిక దళంలో, ఆఫీసర్ని చేశారు. ఫ్రెంచి రైతుల్లో చదువొచ్చినవాళ్లు తక్కువ. వాళ్ల తరఫున ఇంగ్లీషు అధికారులతో మాట్లాడే మనిషి కావాలి, తెగల వాళ్లతోనూ మాట్లాడగలగాలి. ముగ్గురికీ పనికొచ్చినవాడు ఈయనే. 1812లో ఇల్లినాయ్ టెరిటరీకి (ఇంకా రాష్ట్రం కాని ప్రాంతాన్ని అలా అనేవారు) శాసన మండలి వచ్చినప్పటి నుంచి 1818 దాకా దానికి అధ్యక్షుడు ఆయనే.

మధ్యలో ఒక పెద్ద సాహసం కూడా చేశాడు. 1809లో సెయింట్ లూయిస్ వ్యాపారులు మాన్యుయెల్ లీసా, షూటో కుటుంబం వాళ్లతో కలిసి మిజూరీ నది పైకి తోళ్ల కంపెనీ పెట్టారు. పడమటి దేశాన్ని చూసొచ్చిన లూయిస్, క్లార్క్‌ల యాత్ర (ఈ క్లార్క్ విలియం, ఇందాకటి జార్జ్ రోజర్స్ తమ్ముడు) తర్వాత వాషింగ్టన్ చూడ్డానికి వెళ్లి ఇంటికి తిరిగి చేరలేక చిక్కుకుపోయిన మాండన్ తెగ నాయకుడు షహేకేని భద్రంగా ఊరు చేరిస్తే ప్రభుత్వం 7,000 డాలర్లు ఇస్తుందని ఒప్పందం. ఆ పని అయింది. తర్వాత 1810 వసంతంలో మెనార్డ్, ఆండ్రూ హెన్రీ కలిసి మిజూరీ పుట్టే చోటికి, మూడు నదులు కలిసే దగ్గరికి వెళ్లి కోట కట్టారు. బీవర్లు (బొచ్చుతోలు కోసం వేటాడే నీటి జంతువులు) కొల్లలుగా ఉన్నాయి కానీ బ్లాక్‌ఫుట్ తెగ వాళ్లు తమ నేల మీద వేట ఒప్పుకోలేదు. వరసగా మనుషులు చనిపోయారు, లూయిస్ క్లార్క్‌లకి వేటగాడిగా వెళ్లిన డ్రుయార్ కూడా అక్కడే పోయాడు. ఆ వేసవిలోనే మెనార్డ్ కొద్దిపాటి తోళ్లతో వెనక్కొచ్చేశాడు, మళ్లీ ఆ కొండలవైపు పోలేదు. నష్టం ఎక్కడ ఆపుకోవాలో తెలిసిన వ్యాపారి అని నాకనిపిస్తుంది.

ఇక 1818. రాష్ట్ర రాజ్యాంగం రాసే సభ కస్కాస్కియాలోనే జరిగింది. గవర్నరుకీ లెఫ్టినెంట్ గవర్నరుకీ 30 ఏళ్లుగా పౌరసత్వం ఉండాలని రాసుకున్నారు. తీరా చూస్తే మెనార్డ్‌కి పౌరసత్వం వచ్చి కొద్ది కాలమే అయింది. అప్పుడేం చేశారో చూడండి: చివర్లో ఒక షరతు చేర్చి, 30 ఏళ్ల వయసు ఉండి, పౌరుడై, ఎన్నికకు ముందు రెండేళ్లు అక్కడ నివాసం ఉంటే లెఫ్టినెంట్ గవర్నర్ పదవికి చాలన్నారు. ఒక్క మనిషి కోసం రాజ్యాంగంలో తలుపు తీశారండి. షాడ్రాక్ బాండ్ గవర్నరు, ఈయన లెఫ్టినెంట్ గవర్నరు. 1822లో దిగిపోయి మళ్లీ కొట్టులో కూర్చున్నాడు.

బొబ్బర్లంక వాసి:

మాస్టారు వ్యాపారం గురించి చెప్పారు, నేను ఏటి గురించి చెబుతాను. ఆ ఊరి కథ చదివినప్పుడు నాకు రెండు రాత్రులు నిద్ర పట్టలేదు.

కస్కాస్కియా రెండు నదుల మధ్య సన్నటి నేల మీద ఉండేది. ఒక పక్క మిసిసిపీ, ఇంకో పక్క కస్కాస్కియా అనే చిన్న ఏరు. వరదలు మొదటి నుంచీ ఉన్నాయి, 1785ది ఫ్రెంచి వాళ్లు పెద్ద నీళ్ల సంవత్సరం అని చెప్పుకునేవారు. మెనార్డ్ 1844 జూన్‌లో పోయాడు, సరిగ్గా అదే నెలలో మిసిసిపీకి అంతకు ముందెప్పుడూ ఎరగనంత వరద వచ్చి ఊరు ములిగింది. ఆయన ఇల్లు ఏటికి అవతల గుట్ట వాలులో ఎత్తున కట్టుకున్నాడు కాబట్టి అది నిలిచింది.

అసలు దెబ్బ 1881లో. మధ్యనున్న నేల కోసుకుపోయి మిసిసిపీ ఏకంగా ఆ చిన్న ఏటి దారిలోకి దూకేసింది. చిన్న ఏటికి పెద్ద నది నీళ్లు వస్తే గట్లు ఆగుతాయా? తర్వాత ఇరవై ముప్పై ఏళ్లలో ఇళ్లు, వీధులు, మొదటి రాజధాని భవనం, అన్నీ ముక్కలు ముక్కలుగా ఏట్లో కలిసిపోయాయి. శ్మశానం కూడా పోతుందని తెలిసి వేలాది మంది ఎముకలు తవ్వి గుట్ట మీదికి చేర్చారు. గట్లు ఎందుకు అంత బలహీనపడ్డాయంటే స్టీమర్లకు కట్టెల కోసం ఒడ్డున ఉన్న అడవంతా నరికేశారని, వేళ్లు పోయాక మట్టి నిలవలేదని పరిశోధకులు చెబుతారు. ఇసుక కోసం, ఇటుక మట్టి కోసం మన లంకల్లో ఏం చేస్తున్నారో తెలిసినవాడిగా ఇది చదివి నాకు గుండె బరువెక్కింది.

ఇప్పుడు ఆ ఊరి పేరుతో మిగిలింది మిసిసిపీకి పడమటి వైపున్న ఒక లంక. రాష్ట్రం ఇల్లినాయ్‌దే, కానీ రోడ్డు మీద వెళ్లాలంటే మిజూరీ వైపు నుంచే వెళ్లాలి. 2020 జనాభా లెక్కల్లో 21 మంది. ఫ్రాన్స్ రాజు పదిహేనో లూయీ పంపిన, 1741లో పోతపోసిన గంట మాత్రం ఆ లంకలో భద్రంగా ఉంది. 1993 వరదలో ఆ లంక మళ్లీ ములిగింది.

1986 ఆగస్టు గోదావరి వరదప్పుడు నేను పదకొండేళ్లవాణ్ని. గట్టు మీద తాటాకు కింద ఆరు రోజులున్నాం. నీరు తీశాక మా నాన్న ఇంటికి పోకుండా ముందు మా చేను ఉండే చోటికి వెళ్లి నిలబడ్డాడు. ముప్పావు ఎకరం లేదు. కాగితాల్లో ఇప్పటికీ ఉంది. కస్కాస్కియా వాళ్లకి ఆ బాధ ఊరంతటికీ కలిగింది. కోరంగి కూడా అంతే కదా, తుపాన్లు రాకముందు ఓడలు కట్టిన రేవు అది, 1839 తర్వాత కోలుకోలేదు.

నరసాపురం లా స్టూడెంట్:

అందరూ పెద్దవాళ్లు రాశారు, కానీ ఒక సంగతి ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను రాయాల్సిందే. రాజోలు అంకుల్ గారూ, తప్పుగా అనుకోకండి.

మెనార్డ్ ఇంట్లో బానిసలు ఉన్నారు. 1787 నాటి ఆర్డినెన్స్ ప్రకారం ఒహాయో నదికి ఉత్తరాన బానిసత్వం ఉండకూడదు. కానీ అప్పటికే ఉన్న ఫ్రెంచి వాళ్ల ఆస్తి హక్కులు చెల్లుతాయన్న వాదనతో కస్కాస్కియాలో అది అలాగే సాగింది. ఆస్పేసియా అనే ఒక స్త్రీ ఉంది. ఆర్డినెన్స్ వచ్చిన తర్వాత కస్కాస్కియాలోనే పుట్టింది, అంటే చట్టం ప్రకారం పుట్టుకతోనే స్వతంత్రురాలు. తల్లి బానిస కాబట్టి ఈమెనీ బానిసగానే ఉంచారు. మెనార్డ్ ఆమెను కొని, సెయింట్ లూయిస్‌లో ఉన్న అల్లుడు ఫ్రాంస్వా షూటోకి ఇచ్చాడు. ఆమె కోర్టుకెక్కింది. కేసు పడగానే అల్లుడు ఆమెను మెనార్డ్‌కే తిరిగి ఇచ్చేశాడు, అందుకే కేసు మెనార్డ్ పేరు మీద నడిచింది. మిజూరీ కోర్టు ఆమె స్వతంత్రురాలే అంది. ఆయన అక్కడితో ఆగలేదు, అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్లాడు. ఇది మా పరిధిలోకి రాదని 1831లో సుప్రీంకోర్టు కొట్టేసింది, ఆమె గెలుపు నిలబడింది.

ఒక్కసారి ఆలోచించండి. ఆయన రాష్ట్రానికి లెఫ్టినెంట్ గవర్నర్‌గా చేసినవాడు, తెగలతో ఒప్పందాలకు ప్రభుత్వం పంపిన కమిషనరు. ఆమె చేతిలో ఏమీ లేదు. అయినా గెలిచింది. నాకు ఈ మొత్తం కథలో ఆవిడే గొప్పగా కనబడుతుంది. ఇల్లినాయ్‌లో ఫ్రెంచి వాళ్ల బానిసల సంతానం కూడా స్వతంత్రులే అని ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు తేల్చింది 1845లో, అంటే మెనార్డ్ పోయిన మరుసటి ఏడాది. ఇల్లినాయ్ రాజధాని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో శాసనసభ ఆవరణలో ఆయన విగ్రహం ఉండేది, ఒక ఆదివాసి పక్కన తోళ్లు పెట్టుకుని కూర్చుంటే ఈయన నిలబడి ఉంటాడు. దాన్ని తీసెయ్యాలని 2020లో నిర్ణయించారు.

ధవళేశ్వరం పాత మాస్టారు:

అమ్మా, నువ్వు చెప్పింది నిజం. నేను అది రాయాల్సింది, రాయకపోవడం తప్పే. ఆయన మంచితనం గురించి నేను చదివినవి కూడా అబద్ధం కాదు. తన వ్యాపారంలో తెగలవాళ్లు ఆయన్ని నమ్మారు, 1813 నుంచి చాలా ఏళ్లు వాళ్ల వ్యవహారాలకి ప్రభుత్వ సబ్ ఏజెంటుగా చేశాడు. కానీ అక్కడ కూడా ఒక ముడి ఉంది. ఒక చేత్తో ప్రభుత్వం తరఫున వాళ్ల బాగోగులు చూడాలి, ఇంకో చేత్తో అదే తెగలకి తన భాగస్వాముల కొట్టు నుంచి సరుకు అమ్మాలి. 1828లో మిచిగన్ టెరిటరీ గవర్నరు లూయిస్ కాస్‌తో కలిసి గ్రీన్ బేలో తెగలతో ఒప్పందం మీద సంతకం పెట్టాడు. అలాంటి ఒప్పందాల తర్వాతే ఆ తెగలు తమ నేల వదిలి పడమటికి జరిగాయి. ఇప్పుడు ఇల్లినాయ్‌లో మెనార్డ్ పేరుతో ఒక కౌంటీ ఉంది, 1839లో ఏర్పడింది, లింకన్ కుర్రతనంలో ఉన్న న్యూ సేలం అందులోనే ఉంది. కస్కాస్కియా తెగ పేరు మిగిలింది ఆ ఏటికీ ఆ లంకకీ.

రాజోలు గారూ, మీ తాతగారి గురించి రాసేటప్పుడు ఖాతా పుస్తకం రెండు వైపులా చదవండి. జమ ఒక్కటే చదివితే పెద్దాయన కనబడతాడు. బాకీలవైపు ఉన్నవాళ్ల పేర్లు కూడా రాసుకోండి.

రాజోలు కాలవగట్టు:

అందరికీ దణ్ణం పెట్టాలి. అమ్మాయ్, నువ్వు రాసినందుకు నేనేమీ అనుకోలేదు, ఇంకా మంచిదయింది.

మాస్టారు చెప్పాక నిన్న రాత్రి ట్రంకుపెట్టె తీశాను. మూడు పుస్తకాలే చూడగలిగాను, మిగతావి చెదలు పట్టాయి. ఒక పుస్తకంలో పాలేరుతనం పద్దులు ఉన్నాయి. ఒకాయన పేరు మీద పెళ్లి ఖర్చుకి తీసుకున్న అప్పు, కింద వేలిముద్ర. నాలుగు పేజీల తర్వాత అదే అప్పు వడ్డీతో కలిపి ఆయన కొడుకు పేరు మీద ఎక్కింది, దాని కింద చిన్న వేలిముద్ర. ముద్ర ఎంత చిన్నదంటే పదేళ్ల పిల్లాడిదై ఉంటుంది. ఆ ఇంటివాళ్లు మా ఊళ్లోనే ఉన్నారు. వాళ్ల మనవడు నాతో పాటు ఐదో తరగతి వరకు చదివాడు, తర్వాత మానేశాడు. ఎందుకు మానేశాడని నేను ఎన్నడూ అడగలేదు. అదే పుస్తకంలో ఒక తుపాను ఏడాది ఊళ్లో పద్నాలుగు ఇళ్ల బాకీ గీత కొట్టేసి "మాఫీ" అని మా తాతగారి చేత్తో రాసి ఉంది. రెండూ ఆయన రాతే.

నాకొక సాయం కావాలండి. ఇంకో పుస్తకం గొలుసుకట్టు రాతలో ఉంది, మా గుమాస్తా రాసింది అనుకుంటాను, ఒక్క ముక్క కూడబలుక్కోలేకపోతున్నాను. చదవడం వచ్చినవాళ్లు ఎవరైనా ఉన్నారా?

ధవళేశ్వరం పాత మాస్టారు:

నాకు కొంత వచ్చు. మా నాన్నగారు కరణం దగ్గర రాసేవారు, ఆయన పక్కన కూర్చుని నేర్చుకున్నాను. ఫొటోలు పెట్టకండి, అందులో జనం పేర్లూ అప్పులూ ఉన్నాయి కదా. పుస్తకాన్ని పాత పంచెలో చుట్టి పట్టుకురండి, ఎండ తగలనివ్వకండి. నేను ఉదయంపూట ఇంట్లోనే ఉంటాను, బ్యారేజీ దాటాక ఫోన్ చేస్తే ఎదురొస్తాను.

బొబ్బర్లంక వాసి:

మాస్టారూ, నేను కూడా రావచ్చా? మా నాన్న పేరు మీద ఎక్కడో రేవు దగ్గర షావుకారి పుస్తకంలో కొబ్బరి పద్దు ఉండాలని మా అమ్మ ఎప్పుడూ అంటుంది. ఆ చేను ఇప్పుడు లేదు, కనీసం ఎన్ని కాయలు దింపేవాళ్లమో తెలుస్తుంది.